బ్యాంకు మెయిల్‌కు సంతకం వచ్చిన కథ

2017 ఏప్రిల్ 1న స్టేట్ బ్యాంక్ ఆఫ్ హైదరాబాద్ ఎస్‌బీఐలో కలిసిపోయింది. 1941లో నిజాం ప్రభుత్వం చేసిన చట్టంతో హైదరాబాద్ స్టేట్ బ్యాంకుగా మొదలై, ఉస్మానియా సిక్కాల లెక్కలు చూసిన బ్యాంకు అది. హైదరాబాద్‌లోని మౌలాలి హౌసింగ్ బోర్డు కాలనీలో, నాచారం హెచ్‌ఎంటీ నగర్‌లో, ఈసీఐఎల్ చౌరస్తా చుట్టుపక్కల రైల్వే నుంచో, ఈసీఐఎల్ నుంచో, ఎన్‌ఎఫ్‌సీ నుంచో రిటైరైన కుటుంబాలు చాలా ఉన్నాయి. వాళ్లలో ఎస్‌బీహెచ్ ఖాతా ఉన్నవాళ్లకు ఆ నెలలో బ్యాంకు పేరుతోపాటు నెట్ బ్యాంకింగ్ చిరునామా కూడా మారింది. కొత్త చిరునామా ఆన్‌లైన్ ఎస్‌బీఐ డాట్ కామ్. అలవాటయ్యేలోపు దాని తోక డాట్ కామ్ నుంచి డాట్ ఎస్‌బీఐకి మారింది. 2025లో ఎస్‌బీఐ డాట్ బ్యాంక్ డాట్ ఇన్ వచ్చింది. మనిషి ఒకడే, పెన్షన్ ఒకటే, పదేళ్లు కూడా నిండకుండానే ఇన్ని చిరునామాలు. 2020 ఏప్రిల్ 1న ఆంధ్రా బ్యాంకు యూనియన్ బ్యాంకులో కలిసినప్పుడు ఆ ఖాతాదారులకూ ఇదే వరస.

ఇవన్నీ నిజమైన మార్పులే. ఇబ్బందీ అక్కడే ఉంది. "మీ బ్యాంకు మారింది, వివరాలు అప్‌డేట్ చేయకపోతే ఖాతా ఆగిపోతుంది" అనే మెయిల్ దొంగ పంపినా అచ్చం నిజంలాగే ఉంటుంది. అసలేదో నకిలీదేదో ఎలా గుర్తుపట్టాలి? దీనికి జవాబు ఒక్కసారిగా దొరకలేదు. నలభై ఏళ్లకు పైగా, ఒకరు వదిలేసిన చోట ఇంకొకరు అందుకుంటూ, ముక్కలు ముక్కలుగా తయారైంది. అందులో ఒక ముక్క మౌలాలికి నగరం అటు చివర గచ్చిబౌలిలో పాఠం చెప్పే ప్రొఫెసర్‌ది. అన్నిటికంటే కొత్త ముక్క మాసబ్ ట్యాంక్‌లో ఉంది.

మొదట తప్పు ఎక్కడ జరిగిందో చూడాలి. 1982 ఆగస్టులో దక్షిణ కాలిఫోర్నియా విశ్వవిద్యాలయ పరిశోధకుడు జోనథన్ పోస్టెల్ ఒక కంప్యూటర్ నుంచి ఇంకో కంప్యూటర్‌కు మెయిల్ ఎలా వెళ్లాలో నియమాలు రాశాడు. ఎస్ఎంటీపీ అంటారు దాన్ని. ఇవాళ్టికీ ప్రపంచంలో మెయిల్ నడిచేది ప్రధానంగా ఆ పద్ధతిలోనే. అప్పట్లో ఆ నెట్‌వర్కులో ఉన్నవి కొన్ని వందల కంప్యూటర్లు, అవి కూడా విశ్వవిద్యాలయాలవి, పరిశోధన కేంద్రాలవి, అమెరికా సైన్యానివి. అటువైపు ఎవరున్నారో ఇటువైపు వాళ్లకు తెలుసు. అందుకే "నువ్వెవరు?" అని అడిగే మెట్టు ఆ నియమాల్లో ఉన్నా, "నువ్వేనని ఏమిటి గ్యారంటీ?" అని అడిగే మెట్టు లేదు. పంపేవాడు ఏ పేరు చెబితే ఆ పేరే.

పోస్టులో వచ్చే ఉత్తరాన్ని తలచుకుంటే ఇది తేలిగ్గా అర్థమవుతుంది. కవరు మీద 'ఫ్రమ్' దగ్గర ఒక చిరునామా ఉంటుంది, లోపల కాగితం మీద ఒక పేరు ఉంటుంది. రెండూ కలవాలని తపాలా శాఖ అడగదు, నాచారం పోస్టుమ్యాన్ కవరు విప్పి చూడడు. మెయిల్‌కు కూడా అచ్చంగా ఇలాగే రెండు చిరునామాలున్నాయి. కవరు మీదిది సర్వర్లు తమలో తాము చెప్పుకునేది, మన కంటికి పడదు. కాగితం మీదిది మన ఇన్‌బాక్స్‌లో కనిపించేది. పోస్టెల్ నియమాల ప్రకారం రెండిట్లో ఏదీ నిజం కానక్కర్లేదు. ఈ ఒక్క సంగతి పట్టుకుంటే తర్వాతి కథంతా అర్థమవుతుంది.

ఈ సందును మొదట వాడుకున్నది బ్యాంకు దొంగలు కాదు, ఆకతాయి కుర్రాళ్లు. 1990ల మధ్యలో అమెరికా ఆన్‌లైన్ అనే ఇంటర్నెట్ సంస్థ ఉద్యోగులమని చెప్పుకొని ఖాతాదారుల పాస్‌వర్డ్‌లు, కార్డు నంబర్లు అడిగి తీసుకునేవారు. ఆ పని చేసిపెట్టే సాఫ్ట్‌వేర్ కూడా చేతులు మారింది. డబ్బు సంస్థల మీదికి ఇది మళ్లింది 2001లో. ఆ జూన్‌లో ఈ-గోల్డ్ అనే ఆన్‌లైన్ చెల్లింపుల సంస్థ ఖాతాదారులకు దొంగ మెయిళ్లు వెళ్లాయి. ఆ దాడి పెద్దగా ఫలించలేదు కానీ దారి చూపించింది. 2003, 2004 వచ్చేసరికి పెద్ద బ్యాంకుల పేర్లన్నీ ఆ మెయిళ్లలోకి ఎక్కాయి.

మన దేశంలో 2005 మార్చిలోనే ఢిల్లీ హైకోర్టు, ఐటీ కంపెనీల సంఘం నాస్కామ్ వేసిన కేసులో, వేరేవాళ్ల పేరుతో మెయిళ్లు పంపి వివరాలు రాబట్టడం చట్టవిరుద్ధమని తేల్చింది. అప్పటికి మన ఐటీ చట్టంలో దీని కోసం విడిగా సెక్షన్ లేదు. 2009 అక్టోబరులో అమల్లోకి వచ్చిన సవరణతో 66సి, 66డి సెక్షన్లు వచ్చాయి, మూడేళ్ల దాకా జైలు అన్నాయి. 2010 ఏప్రిల్‌లో తమిళనాడు ఐటీ న్యాయనిర్ణయాధికారి ఇంకో అడుగు ముందుకు వేశాడు. బ్యాంకు పేరుతో వచ్చిన మెయిల్‌కు వివరాలిచ్చి డబ్బు పోగొట్టుకున్న ఒక ఖాతాదారుడికి 12.85 లక్షల రూపాయలు చెల్లించాలని ఐసీఐసీఐ బ్యాంకును ఆదేశించాడు. "వివరాలిచ్చింది అతనే కదా" అన్న వాదన చెల్లలేదు. నా లెక్కలో ఇది పెద్ద మలుపు. అప్పటిదాకా గుర్తుపట్టాల్సింది ఖాతాదారుడే, పట్టలేకపోతే తప్పు అతనిదే. గుర్తుపట్టే వీలు కల్పించాల్సిన బాధ్యత బ్యాంకుకు ఉందా అన్న ప్రశ్న అధికారికంగా లేచింది అక్కడే.

వీలు కల్పించే పని మాత్రం ఇంజినీర్లు అంతకు ముందే మొదలుపెట్టారు. 2002లో పాల్ విక్సీ అనే ఇంటర్నెట్ ఇంజినీరు ఒక చిన్న పత్రం రాశాడు. ఒక డొమైన్ (మెయిల్ చిరునామాలో 'ఎట్' గుర్తు తర్వాతి భాగం) పేరుతో మెయిల్ పంపడానికి ఏ కంప్యూటర్లకు అనుమతి ఉందో ఆ డొమైన్ యజమానే బహిరంగంగా ప్రకటించవచ్చు కదా అని. అలాంటి ఆలోచనే చేసిన ఇతరుల ప్రతిపాదనలను కలిపి 2003లో మెంగ్ వెంగ్ వాంగ్ ఒక రూపానికి తెచ్చాడు. అదే ఎస్‌పీఎఫ్. బ్యాంకు తన డొమైన్ రికార్డులో "మా మెయిళ్లు ఈ సర్వర్ల నుంచే వస్తాయి" అని రాసి పెడుతుంది. మెయిల్ అందుకున్న సర్వర్ ఆ జాబితా చూసి పోల్చుకుంటుంది. తేలికైన ఉపాయం. లోపం కూడా తేలికగానే దొరికింది. ఎస్‌పీఎఫ్ చూసేది కవరు మీది చిరునామానే. దొంగ తన సొంత చిరునామా కవరు మీద నిజాయితీగా రాసి, లోపల కాగితం మీద బ్యాంకు పేరు పెడితే పరీక్షలో పాసైపోతాడు.

అదే రోజుల్లో యాహూలో మార్క్ డెలానీ ఇంకో దారిలో వెళ్లాడు. పంపే సర్వర్ ప్రతి మెయిల్ మీదా తన రహస్య తాళంచెవితో డిజిటల్ సంతకం చేస్తుంది. ఆ సంతకాన్ని సరిచూసే బహిరంగ తాళంచెవి డొమైన్ రికార్డులో అందరికీ అందుబాటులో ఉంటుంది. దారిలో ఎవరైనా ఉత్తరంలో సంతకం చేసిన భాగంలో ఒక్క అక్షరం మార్చినా సంతకం చెల్లదు. 2004లో బయటికొచ్చిన ఈ పద్ధతినీ, సిస్కో కంపెనీ వేరుగా చేసిన పద్ధతినీ కలిపి 2007లో డీకేఐఎం అనే ప్రమాణం చేశారు. ఇందులోనూ ఒక చిల్లు. సంతకం ఉందా, సరైనదేనా అని చూస్తుంది గాని, సంతకం పెట్టినవాడూ కాగితం మీద కనిపించే పేరూ ఒకరేనా అని అడగదు.

ఇక్కడ కాసేపు హైదరాబాద్‌కు రావాలి, ఎందుకంటే ఈ సంతకం సంగతి మన ఊళ్లో కొత్త కాదు. 1996లో రిజర్వ్ బ్యాంకు మాసబ్ ట్యాంక్ దగ్గర ఐడీఆర్‌బీటీని, అంటే బ్యాంకింగ్ సాంకేతిక అభివృద్ధి పరిశోధన సంస్థను పెట్టింది. 1999లో ఆ సంస్థ ఇన్ఫినెట్ అనే పేరుతో బ్యాంకుల కోసం ప్రత్యేక నెట్‌వర్కు వేసింది. 2001లో బ్యాంకులు ఒకదానికొకటి సందేశాలు పంపుకునే ఎస్‌ఎఫ్‌ఎంఎస్ వచ్చింది. 2002 నుంచి ఐడీఆర్‌బీటీయే బ్యాంకులకు డిజిటల్ సంతకాల ధ్రువపత్రాలు ఇచ్చే అధికార సంస్థ. 2004లో ఏటీఎంలన్నిటినీ కలిపే నేషనల్ ఫైనాన్షియల్ స్విచ్ కూడా ఇక్కడే మొదలై, 2009లో జాతీయ చెల్లింపుల సంస్థ ఎన్‌పీసీఐకి మారింది. అంటే ఇరవై ఏళ్ల కిందటే ఒక బ్యాంకు ఇంకో బ్యాంకుకు "ఇంత డబ్బు పంపుతున్నాను" అని చెప్పాలంటే, ఆ మాట మూసిన నెట్‌వర్కులో, సంతకంతో వెళ్లేది. నువ్వేనని గ్యారంటీ ఏమిటి అన్న ప్రశ్నకు బ్యాంకులు తమ మధ్య జవాబు పెట్టుకున్నాయి. అదే బ్యాంకు తన ఖాతాదారుడికి పంపే మెయిల్‌కు మాత్రం ఆ పట్టింపు లేదు. బ్యాంకుకు బ్యాంకు మీద అనుమానం ఉండొచ్చు, ఖాతాదారుడు మాత్రం నమ్మాలి. ఈ తేడా చాలాకాలం ఎవరికీ వింతగా తోచకపోవడమే నాకు వింత.

ఎస్‌పీఎఫ్, డీకేఐఎం రెండిట్లోని చిల్లునూ పూడ్చడానికి పట్టుబట్టింది ఆన్‌లైన్ చెల్లింపుల సంస్థ పేపాల్. దొంగ మెయిళ్ల దెబ్బ అందరికంటే ఎక్కువ తగిలింది వాళ్లకే. 2007లో పేపాల్ యాహూతో ఒక ఒప్పందానికి వచ్చింది. మా పేరుతో వచ్చి, మా సంతకం లేని మెయిల్‌ను మీ ఖాతాదారులకు అసలు చూపించనే వద్దు, పారేయండి, బాధ్యత మాది అని. మరుసటి ఏడాది జీమెయిల్ కూడా ఒప్పుకుంది. ఇది ఫలించింది కానీ ప్రతి బ్యాంకూ ప్రతి మెయిల్ కంపెనీతో విడివిడిగా మాట్లాడుకుంటూ కూర్చోలేదు కదా. అందుకని గూగుల్, యాహూ, మైక్రోసాఫ్ట్, పేపాల్, బ్యాంక్ ఆఫ్ అమెరికా వంటి సంస్థలు కలిసి 2012 జనవరి 30న డీమార్క్ అనే పద్ధతిని ప్రకటించాయి. ఇది అడిగే ప్రశ్న ఒక్కటే. కవరు మీద తేలిన పేరైనా, సంతకంలో తేలిన పేరైనా, మనిషికి చూపించే చిరునామాలోని డొమైన్‌తో సరిపోతోందా? సరిపోకపోతే ఏం చేయాలో కూడా డొమైన్ యజమానే ముందుగా చెప్పి ఉంచుతాడు: చూసీచూడనట్టు వదిలేయాలా, స్పామ్‌లో వేయాలా, గుమ్మంలోంచే తిప్పి పంపాలా. పైగా తన పేరును ఎవరు ఎక్కణ్నుంచి వాడుకుంటున్నారో అతనికి నివేదికలు అందుతాయి. 1982లో పోస్టెల్ అడగకుండా వదిలేసిన ప్రశ్నను అడగడానికి ముప్పై ఏళ్లు పట్టింది. దాన్ని తప్పనిసరి చేయడానికి ఇంకో పన్నెండేళ్లు. 2024 ఫిబ్రవరిలో గూగుల్, యాహూ గట్టిగా చెప్పేశాయి. పెద్ద ఎత్తున మెయిళ్లు పంపేవాళ్లకు, గూగుల్ లెక్కలో రోజుకు ఐదు వేలు, ఈ మూడూ ఉండాల్సిందే అని.

అంతటితో కథ ముగిసిపోవాలి. ముగియలేదు. బ్యాంకు పేరునే పెట్టుకుని పంపడం కష్టమయ్యాక దొంగలు బ్యాంకు పేరులా ఉన్న పేరు కొనుక్కోవడం మొదలుపెట్టారు. ఆ పేరుకు ఎస్‌పీఎఫ్, డీకేఐఎం, డీమార్క్ అన్నీ శుభ్రంగా పెట్టుకోవచ్చు. ఎందుకంటే ఆ పేరు నిజంగా వాళ్లదే! సంతకం అసలుదే, సంతకం పెట్టినవాడే దొంగ.

మనుషుల కన్ను ఇలాంటి పేర్ల దగ్గర ఎంత బలహీనమో 2006లో తేలింది. రచనా ధమీజా, డగ్లస్ టైగర్, మార్టీ హర్స్ట్ అనే ముగ్గురు పరిశోధకులు 22 మందికి కొన్ని వెబ్‌సైట్లు చూపించి, ఏది అసలు ఏది నకిలీ అని అడిగారు. అమెరికాలోని బ్యాంక్ ఆఫ్ ద వెస్ట్ నకిలీ సైటు చిరునామాలో 'డబ్ల్యూ' బదులు రెండు 'వి' అక్షరాలు పక్కపక్కన ఉన్నాయి. 22 మందిలో 20 మంది అది అసలుదే అన్నారు. వాళ్లకు ముందే చెప్పారు, ఇందులో నకిలీలున్నాయి చూడండి అని. అయినా! దాదాపు నాలుగో వంతు మంది చిరునామా వైపే చూడలేదు, పేజీ అందంగా ఉందా లేదా అన్నదే చూశారు. ఇక ఇంగ్లిష్ అక్షరాల మధ్య అచ్చం అలాగే కనిపించే రష్యన్ అక్షరాలు దూర్చి నకిలీ చిరునామా చేయవచ్చని ఇద్దరు ఇజ్రాయెలీ పరిశోధకులు 2002లోనే చూపించారు. దాన్ని పట్టుకోవడం మామూలు కంటికి అసాధ్యం.

మనకు సంవత్సరాల తరబడి చెప్పిన గుర్తులను కూడా ఈ వెలుగులో చూడాలి. "స్పెల్లింగ్ తప్పులుంటే నకిలీ" అన్నారు. 2012లో మైక్రోసాఫ్ట్ పరిశోధకుడు కోర్మాక్ హెర్లీ దీనికి వేరే కోణం చూపించాడు. కొందరు మోసగాళ్లు మెయిల్‌ను కావాలనే నమ్మశక్యం కాకుండా రాస్తారని, తెలివైనవాళ్లు మొదట్లోనే తప్పుకుంటే, మిగిలిన అమాయకుల మీదే తమ సమయం పెట్టవచ్చని వాళ్ల లెక్క అని. ఇప్పుడు ఆ తప్పులు కూడా కనిపించవు. ఏఐ చేత రాయిస్తే తెలుగైనా ఇంగ్లిషైనా బ్యాంకు మేనేజరు కంటే బాగా రాస్తుంది. "తాళం బొమ్మ ఉంటే భద్రం" అన్నారు. ఆ బొమ్మకు అర్థం దారిలో ఎవరూ తొంగిచూడరని మాత్రమే, అవతల ఉన్నది మంచివాడని కాదు. ఆ బొమ్మకు కావలసిన ధ్రువపత్రాలు ఉచితంగా దొరకడం మొదలయ్యాక దొంగ సైట్లలో చాలావాటికి తాళం వచ్చింది. జనం దాన్ని తప్పుగా అర్థం చేసుకుంటున్నారని 2023లో గూగుల్ తన క్రోమ్ బ్రౌజర్‌లోంచి తాళం బొమ్మనే తీసేసింది. బ్యాంకుల అవగాహన కరపత్రాల్లో మాత్రం అది ఇంకా వేలాడుతూనే ఉంటుంది.

మరి మనుషులకు నేర్పలేమా? నేర్పవచ్చని చూపించిన వాళ్లలో ముఖ్యుడు పొన్నురంగం కుమారగురు. ఇప్పుడు మన ట్రిపుల్ ఐటీ హైదరాబాద్‌లో ప్రొఫెసర్. అమెరికాలోని కార్నెగీ మెలన్ విశ్వవిద్యాలయంలో పీహెచ్‌డీ చేస్తున్నప్పుడు, 2009 దాకా, ఆయన పని ఇదే. దానికి ఫిష్‌గురు అని పేరు. ముందుగా ఉపన్యాసాలు, కరపత్రాలు ఇస్తే జనం చదవరు, చదివినా అది తమకు కాదనుకుంటారు. అందుకని ఆయన బృందం తామే ఒక ఉత్తుత్తి దొంగ మెయిల్ పంపింది. ఎవరైనా లింకు నొక్కితే దొంగ సైటుకు బదులు ఒక బొమ్మల పాఠం తెరుచుకుంటుంది: మీరిప్పుడు చేసింది ఇది, ఈ చోట చూసి ఉంటే తెలిసేది అని. దెబ్బ తగలబోయిన క్షణంలోనే చెప్పిన పాఠం మనసులో నిలుస్తుందన్నది ఆ ఆలోచన. 515 మందితో చేసిన ప్రయోగంలో 28 రోజుల తర్వాత కూడా వాళ్లు ఆ పాఠం మరిచిపోలేదు. పైగా అసలు మెయిళ్లను అనవసరంగా అనుమానించడమూ పెరగలేదు. ఆ ప్రయోగంలో అందరికంటే తేలిగ్గా లింకు నొక్కింది ఎవరో తెలుసా? 18 నుంచి 25 ఏళ్ల వాళ్లు. "పెద్దవాళ్లకు ఫోన్ చేతకాదు" అని ఇంట్లో విసుక్కునే పిల్లలు ఇది చదవాలి.

కానీ ఫిష్‌గురుకు కూడా ఒక మెట్టు మిగిలిపోయింది. చిరునామా చూడండి అని నేర్పవచ్చు. ఏ చిరునామా సరైనదో ముందు తెలిస్తే కదా! ఒక బ్యాంకు డాట్ కామ్‌లో, ఇంకొకటి డాట్ కో డాట్ ఇన్‌లో, వేరొకటి తన పేరే తోకగా పెట్టుకుని. ప్రచార మెయిళ్లు బయటి ఏజెన్సీ సర్వర్ల నుంచి, ఏ బ్యాంకుదో తెలియని లింకులతో. ఒక పక్క "లింకులు నొక్కకండి" అని మెసేజ్ పంపుతూనే, ఇంకో పక్క "ప్రీ-అప్రూవ్డ్ లోన్ కోసం ఇక్కడ నొక్కండి" అని పంపే బ్యాంకు ఖాతాదారుడికి ఏ అలవాటు నేర్పుతున్నట్టు? ఈ విషయంలో నాకు దొంగల మీద కంటే బ్యాంకుల మార్కెటింగ్ విభాగాల మీదే ఎక్కువ కోపం.

పేరునే అదుపులోకి తీసుకోవాలన్న ఆలోచన అలా వచ్చింది. అమెరికాలో 2015 నుంచి డాట్ బ్యాంక్ అనే తోక ఉంది, పరిశీలించిన బ్యాంకులకే ఇస్తారు. కానీ ఏ బ్యాంకునూ అందులోకి మారమని ఎవరూ బలవంతపెట్టలేదు. మన దగ్గర రిజర్వ్ బ్యాంకు ఆ బలవంతమే చేసింది. 2025 ఫిబ్రవరి 7న గవర్నర్ సంజయ్ మల్హోత్రా భారతీయ బ్యాంకులన్నిటికీ డాట్ బ్యాంక్ డాట్ ఇన్ అనే ప్రత్యేక డొమైన్ వస్తుందని ప్రకటించారు. ఏప్రిల్ 22న ఉత్తర్వు వచ్చింది, అక్టోబరు 31 లోపు అందరూ మారి తీరాలని. పెద్ద బ్యాంకులే కాదు, ఊళ్లలోని సహకార బ్యాంకులు కూడా. ఆ పేర్లు ఇచ్చే ఏకైక సంస్థ మాసబ్ ట్యాంక్‌లోని ఐడీఆర్‌బీటీ. డాట్ కామ్ లాంటి మామూలు తోకతో పేరు కావాలంటే కార్డు ఉన్న ఎవడైనా పది నిమిషాల్లో కొనుక్కోవచ్చు. డాట్ బ్యాంక్ డాట్ ఇన్ కావాలంటే ముందు బ్యాంకు అయి ఉండాలి. ఒకప్పుడు బ్యాంకులు తమలో తాము నమ్మకం ఏర్పరుచుకున్న చోటే, పాతికేళ్లు ఆలస్యంగానైనా, ఖాతాదారుడికి కూడా ఒక గుర్తు దొరికింది.

దాన్ని చదవడం మాత్రం తెలియాలి. ఇందాకటి ఉత్తరమే మళ్లీ. పోస్టాఫీసులో ఉత్తరాలు వేరుచేసేవాళ్లు కవరు మీద ఇంటి నంబరు చూడరు, చివరి వరుసలో ఊరు, పిన్ కోడ్ చూస్తారు. పైన ఎంత గొప్ప పేరున్నా ఉత్తరం చేరేది కింద రాసిన ఊరికే. వెబ్ చిరునామాలో కూడా, మొదట్లోని జంట ఏటవాలు గీట్లు (//) వదిలేస్తే, ఆ తర్వాతి మొదటి ఏటవాలు గీటు (/) కంటే ముందున్న చివరి మాటలే అసలు ఊరు. మెయిల్‌లో అయితే 'ఎట్' గుర్తు తర్వాతి భాగానికి చివర. అక్కడ బ్యాంక్ డాట్ ఇన్ ఉండాలి, దానికి ఎడమ పక్కన చుక్క, ఆ చుక్కకు ఎడమన మీ బ్యాంకు పేరు. ఎస్‌బీఐ డాట్ బ్యాంక్ డాట్ ఇన్ అని మొదలై, ఆ తర్వాత ఇంకో చుక్క, వెరిఫై, ఇంకో చుక్క, కామ్ అని ముగిస్తే ఆ ఊరు వేరు. చుక్క ఉండాల్సిన చోట అడ్డగీత ఉన్నా వేరే. బ్యాంకు పేరు, అడ్డగీత, తర్వాత బ్యాంక్ డాట్ ఇన్ అని ఉంటే అది మామూలు డాట్ ఇన్ పేరు, ఎవరైనా కొనగలిగేది. చుక్కకూ గీతకూ ఉన్న ఈ తేడాను బ్యాంకులు గోడల మీద పెద్ద అక్షరాలతో రాయాలి.

ఇలా చదివే వీలును ఫోన్ మళ్లీ చెడగొడుతోంది. కంప్యూటర్‌లో కనీసం చిరునామా కనబడేది. ఫోన్‌లో మెయిల్ యాప్, పంపినవాడు పెట్టుకున్న పేరు మాత్రమే చూపించి, చిరునామాను దాచేస్తుంది. పేరు స్థానంలో ఏది రాసుకున్నా డీమార్క్ అడగదు. మౌలాలిలో ఒక రిటైర్డ్ రైల్వే ఉద్యోగికి నవంబరులో, లైఫ్ సర్టిఫికెట్ ఇచ్చే నెలలో, "మీ పెన్షన్ ఆగిపోతుంది" అని మెయిల్ వచ్చిందనుకోండి. కోడలు పక్కన కూర్చుంటే మాట ఇలా సాగుతుంది:

"మామయ్యా, లింకు ఒత్తకండి. ముందు పైనున్న పేరు మీద వేలు పెట్టండి."

"పేరు బ్యాంకుదే ఉన్నది గదమ్మా!"

"పేరు ఎవరిదైనా పెట్టుకోవచ్చు మామయ్యా. దాని కింద చిన్నగ వస్తది చూడండి, అది చదవాలె. చివరికెల్లి చదవాలె."

కోడలు లేని ఇంట్లో ఏమిటి గతి? నాకు తోచే సురక్షితమైన దారి, మెయిల్‌లో ఏమున్నా దానిలోంచి బ్యాంకుకు వెళ్లకపోవడమే. బ్యాంకు యాప్ విడిగా తెరవడం, లేదా పాస్‌బుక్ పట్టుకుని బ్రాంచికి నడవడం. నిజంగా పెన్షన్ ఆగేదుంటే అక్కడ తెలుస్తుంది.

నాచారం పారిశ్రామికవాడలో చిన్న యూనిట్ నడిపేవాళ్లకు ముప్పు ఇంకో రూపంలో వస్తుంది. అక్కడ బ్యాంకు వేషం కంటే సరుకు పంపే పార్టీ వేషం ఎక్కువ. "మా ఖాతా నంబరు మారింది, ఈ బిల్లు కొత్త ఖాతాకు వేయండి" అని మెయిల్. దానికి డాట్ బ్యాంక్ డాట్ ఇన్ ఏమీ చేయలేదు. ఆ పార్టీ పాత ఫోన్ నంబరుకు కాల్ చేసి మనిషి గొంతు విన్నాకే డబ్బు పంపడం తప్ప వేరే మందు లేదు. అలాగే వాట్సాప్‌లో బ్యాంకు రివార్డు పాయింట్ల పేరుతో వచ్చే ఏపీకే ఫైళ్లు, అంటే ఫోన్‌లో యాప్ ఎక్కించే ఫైళ్లు. మెయిల్‌కు నలభై ఏళ్లు కష్టపడి తెచ్చిన సంతకం అక్కడ చెల్లదు. ఫైల్ పంపింది తెలిసినవాడే అయినా, అతని ఫోన్ అతని చేతిలో ఉందన్న నమ్మకం లేదు.

డబ్బు పోయిందని తెలిస్తే గంటలు లెక్కపెట్టుకోవాలి. 2021లో 155260గా మొదలై తర్వాత 1930 అయిన జాతీయ నంబరుకు వెంటనే ఫోన్ చేస్తే, డబ్బు ఖాతాలు మారుతుండగానే ఆపే ప్రయత్నం జరుగుతుంది. తెలంగాణలో ఈ ఫిర్యాదులు చూసేది 2023లో ఏర్పడిన సైబర్ సెక్యూరిటీ బ్యూరో. రిజర్వ్ బ్యాంకు 2017 జులైలో ఇచ్చిన ఉత్తర్వు ప్రకారం, తప్పు మీదీ బ్యాంకుదీ కాక మధ్యలో ఎవరిదో అయితే, మూడు పనిదినాల్లో చెబితే మీకు నష్టం ఉండకూడదు. అదే ఉత్తర్వులో, పాస్‌వర్డో ఓటీపీయో మీరే ఇచ్చి ఉంటే బ్యాంకుకు చెప్పేదాకా జరిగిన నష్టం మీదేనని కూడా ఉంది. చెప్పిన క్షణం తర్వాతి నష్టం బ్యాంకుది. సిగ్గుపడి ఒక రాత్రి ఆగితే ఆ రాత్రి ఖర్చు మీదే.

మీ బ్యాంకు పంపే మెయిళ్లు ఒకసారి తెరిచి, కింద దాగిన చిరునామా చూడండి. గడువు దాటాక కూడా అవి పాత డాట్ కామ్ నుంచో, ఏదో ఏజెన్సీ పేరు నుంచో వస్తుంటే, ఎందుకు అలా వస్తున్నాయో మీ బ్రాంచి మేనేజరుకు కాగితం మీద రాసి ఇవ్వండి, అందినట్టు స్టాంపు వేయించుకోండి. సంతకం పెట్టడం ఇప్పుడు బ్యాంకు వంతు.